అయస్కాంతం అప్పన్నకు మూడు పుట్టుకలు

మొదటి రోజు

నింపుడు కేంద్రంలో ఎవరిని జ్ఞాపకాలతో నింపినా, నింపిన గుమాస్తా పదిహేను రోజుల పాటు దినచర్య రాయాలని రూలు. పన్నెండేళ్ళుగా రాస్తున్నాను, ఇంతవరకూ ఒక్కరూ చదివిన పాపాన పోలేదు. అయినా రాస్తాను. నా పేరు బొడ్డేపల్లి అసిరితల్లి, మూడో కొండ కేంద్రం.

ఈరోజు నింపింది పిల్లా గవరయ్య గారిని. వయసు డెబ్బై నాలుగు. తెల్లజ్వరం వచ్చి తగ్గింది. తగ్గేసరికి అందరికీ అయినట్టే ఆయనకూ లోపలున్నదంతా తుడిచిపెట్టుకుపోయింది. మాట ఉంది, నడక ఉంది, అన్నం కలుపుకోవడం వచ్చు. తనెవరో మాత్రం తెలియదు. పెళ్ళాం పిల్లలు లేరు. ఆయన గదిలోంచి వార్డు వాళ్ళు ఒక రేకు పెట్టె తెచ్చి మా వరండాలో పడేసి వెళ్ళారు.

పెట్టెలో గుర్తింపు కార్డు, రేషన్ కార్డు, కళ్ళజోడు చీటీ, ఏదో ప్రెస్సులో పనిచేసినట్టు ఒక సర్టిఫికెట్. జ్ఞాపకాలు పోసే మా యంత్రం కాగితం తప్ప ఇంకేదీ తీసుకోదు. తెర మీదున్నది ఎవడైనా మార్చేయగలడు, కాగితం మీదున్నది జరిగిందే అని మా ట్రైనింగులో మొదటి పాఠం. ఈ నాలుగు కాగితాలూ పెడితే అరపూట జ్ఞాపకం కూడా రాదు, మనిషి ఖాళీ బిందెలా మిగిలిపోతాడు. ఏం చెయ్యాలిరా దేవుడా అనుకుంటూ అడుగుకంటా వెతికితే నిధి దొరికింది. చేత్తో గీసి రంగులు వేసిన బొమ్మల కాగితాలు, ముప్ఫై ఒక్క కట్టలు, ఒక్కో కట్టకీ నంబరు. "నేను అప్పన్నని, నా కథ చెబుతాను వినండి" అని మొదలవుతుంది. రాత ఆయనదే, కార్డు మీది సంతకంతో పోల్చి చూశాను. సముద్రం ఊళ్ళ మీదికొచ్చిన వరదల ఏళ్ళలో సగం జనం మారుపేర్లతోనే బతికారు, మా నాన్నకే మూడు పేర్లు. కాబట్టి అప్పన్న అంటే ఈయనే అని రాసుకున్నాను. ఇంత ఓపిగ్గా, బొమ్మలతో సహా, బతుకంతా రాసి పెట్టుకున్న మనిషిని ఇదే చూడడం. చెమ్మ పట్టిన కాగితాలను మధ్యాహ్నం దాకా తీగల మీద ఆరబెట్టి, ఒక్కొక్కటే యంత్రానికి పెట్టాను. పైపైనే చదివాను. పని బాగా జరిగింది.

రెండో రోజు

పొద్దున మంచు నుంచి నీళ్ళు పట్టే వలల కింద బిందెలు సర్దుతుంటే గవరయ్య గారు లేచి వచ్చారు. మొహం కళకళలాడుతోంది. నింపిన మర్నాడు ఎవరైనా అలాగే ఉంటారు. నన్ను చూసి ఆయన అడిగిన మొదటి మాట, "అమ్మా, మా సెల్లి నూకాలికి కబురెట్టినారా?"

చెల్లెలున్నట్టు ఏ కార్డులోనూ లేదు. పెడతామని చెప్పి నాచు ఉప్మా పెట్టాను. ఆయన తినకుండా బల్ల అవతలున్న గ్లాసు వైపు చెయ్యి చాచి అలాగే కూర్చున్నారు. ఏం కావాలని అడిగితే, గ్లాసును రమ్మంటున్నాననీ, స్టీలు మొండిది గాబట్టి రావడం లేదనీ, ఇనుమైతే ఈపాటికి వచ్చేదనీ చెప్పారు. ఉప్మా చల్లారిపోయింది.

అక్కడితో ఆగితే బాగుండేది. ఉప్మా తింటూ, తన తండ్రి ఇనుము కరిగించే మిల్లులో పనివాడనీ, కొలిమి బద్దలై కరిగిన ఇనుము వాగులా వస్తే అందులో మునిగి లేచాననీ, అప్పటి నుంచి ఇనుమంతా తన మాట వింటుందనీ చెప్పారు. సరే, మిల్లు అని రాసుకున్నాను. పదింటికి అదే మనిషి, తనకు తల్లీ తండ్రీ తెలియరనీ, కొండ చరియలో ఆకాశం నుంచి పడిన నల్లరాయి పక్కన ముసలమ్మకు దొరికాననీ చెప్పారు. భోజనాల దగ్గర మూడోది. ఒక డాక్టరు ప్రయోగశాలలో ఏనుగంత అయస్కాంతం కింద తనను ఆరు నెలలు పడుకోబెట్టారట.

వీటిలో ఏది నిజమండీ అని అడిగాను. "మూడూ నాకు బాగా గుర్తున్నాయమ్మా. మిల్లులో వేడి గుర్తున్నాది, రాయి పక్కన సలి గుర్తున్నాది. మూడు దగ్గర్లా నూకాలు ఉన్నాది. మరి నాను ఎక్కడ పుట్టినాను?"

నా బుర్ర గిర్రున తిరిగిపోయింది.

మూడో రోజు

సూపరింటెండెంటు దాలినాయుడు గారికి కట్టలు చూపించాను. రెండు పేజీలు తిప్పి, కళ్ళజోడు తీసి, నా మొహం చూశారు. ఇవి కామిక్సు అన్నారు. వరదలకు ముందు ఉండేవట, చిన్నప్పుడు వాళ్ళ మావయ్య దగ్గర చూశారట, సూపర్ హీరోల కథలట. సూపర్ హీరో అంటే ఏ డిపార్టుమెంటండీ అని అడిగాను. ఆయన తల పట్టుకున్నారు.

నెమ్మదిగా చెప్పాక అర్థమైంది. అప్పన్న లేడు. మిల్లు బద్దలవలేదు. అవన్నీ జరగలేదు. గవరయ్య గారు కూర్చుని కల్పించారు. జరగనిది కాగితం మీద ఎందుకు పెడతారండీ అంటే, సరదాకి అన్నారు. ఇది మాత్రం నాకు ఇప్పటికీ మింగుడుపడడం లేదు. మా దగ్గర పెళ్ళికి అర కాగితం, చావుకి పావు కాగితం ఇస్తారు. నా పెళ్ళి కాగితం వెనకే మా మామగారి చావు రాశారు. సరదాకి ముప్ఫై ఒక్క కట్టలా?

తిట్టారు. పడ్డాను, పడాల్సిందే. తప్పు నాది. పదిహేను రోజుల్లోపు ఇంకొక్కసారి నింపవచ్చు. అప్పుడు మొదటిది చెరిగిపోయి రెండోది నిలుస్తుంది, మధ్యలో గడిచిన ఈ రోజులు కూడా దాంతోపాటే పోతాయి. పదిహేను దాటితే లోపలున్నది గట్టిపడిపోతుంది, ఇక ఎవరూ ఏమీ చెయ్యలేరు. అసలు బతుకు తాలూకు కాగితాలు వెతకమన్నారు. దొరక్కపోతే వదిలెయ్యమన్నారు. ముసలాయన, ఇనుమును రమ్మంటూ కూర్చుంటాడు, ఎవరికేం నష్టం అన్నారు.

ఐదో రోజు

ఇవాళ అక్షరాలు కుదురుగా రావడం లేదు.

మా కేంద్రానికీ ఎదురు కొండకీ మధ్య తాళ్ళ వంతెన ఉంది. మొన్నటి గాలికి నడిమిన నాలుగు పలకలు ఊడిపోయాయి. కింద ఉప్పునీళ్ళు. పొద్దున గవరయ్య గారు ఆ ఖాళీకి ఇటు కొసన నిలబడి చెయ్యి చాచి ఉన్నారు. అటు కొసన ఏడేళ్ళ పిల్ల, జడకు ఇనుప పిన్నులు. దూకెయ్యి తల్లీ, నీ పిన్నులు ఇనుమే గదా, నా చేతికి వచ్చేస్తావు అని ఎంతో నెమ్మదిగా చెబుతున్నారు. ఆ గొంతులో ఉన్న నమ్మకం వింటే నేనైనా దూకేదాన్నేమో. పిల్ల ఒక కాలు ఎత్తేసింది. నేను పెట్టిన కేకకి వాళ్ళమ్మ పరిగెత్తుకొచ్చి జబ్బ పట్టుకుని వెనక్కి లాగింది.

ఆయన మీద నోటికొచ్చినట్టు అరిచాను. ఆయనకు కోపం రాలేదు, ఆశ్చర్యపోయారు. "నూకాల్ని మూడుసార్లు లాగినాను గదమ్మా. దాన్ని లాగినోడిని ఈ గుంటనెందుకు లాగలేను?"

ఆ నమ్మకం ఆయన లోపల పోసింది నేనే.

సాయంత్రం దాలినాయుడు గారు కాగితం మీదే ఆర్డరు ఇచ్చారు, అంటే మాట మారదు. గడువులోపు సరిచెయ్యకపోతే గవరయ్య గారిని తలుపుల వార్డులో వెయ్యాలి. అక్కడికి వెళ్ళినవాళ్ళు బయట వెలుతురు చూడరు. పోనీ, ఉన్న నాలుగు కార్డులతోనే మళ్ళీ నింపేద్దామా అంటే, బతికినంత కాలం రేషన్ నంబరు ఒక్కటే గుర్తున్న మనిషి అవుతారు. అది తలుపుల వార్డు కంటే ఏం మేలో నాకు తెలియడం లేదు.

ఆరో రోజు

ఈ కట్టలు మీరు గీసిన కథేనని గవరయ్య గారికి చెప్పాను, సగమే నమ్మారు. ఇద్దరం కూర్చుని కట్టలు మొదటి నుంచి చదువుతున్నాం. ఆయన అసలు బతుకు ఎక్కడైనా దొరుకుతుందేమోనని.

అయస్కాంతం అప్పన్న పంచె ఎగ్గట్టి, నెత్తి మీద ఇనుప తట్ట బోర్లించుకుని తిరుగుతాడు. రైలు పట్టాలను రెండు చేతులా వెనక్కి తోసి ఆకాశంలోకి లేస్తాడు. వాడి శత్రువు తుప్పు తవిటయ్య. వాడు ముట్టుకుంటే వంతెనలు పొడి పొడి అయిపోతాయి. ఇదంతా జరగలేదని నాకు తెలుసు. తెలిసి కూడా ఏడో కట్టలో తవిటయ్య ఆనకట్ట తలుపుల మీద చెయ్యి వేసేసరికి నా గుండె దడదడలాడింది. భోజనం గంట కొట్టినా లేవబుద్ధి కాలేదు. ఇదేం రోగమో అర్థం కాలేదు. గవరయ్య గారు నన్ను చూసి నవ్వారు. ఆయనకు అదంతా గుర్తే, తర్వాత ఏమవుతుందో చెప్పబోతుంటే నేనే వారించాను.

ఏడో రోజు

మూడు పుట్టుకల గొడవ తేలింది. ఒకటో కట్టలో మిల్లు. పన్నెండో కట్టలో, "ఇంతవరకూ మీరు చదివింది అప్పన్నకు చెప్పిన అబద్ధం, అసలు సంగతి ఇదీ" అని నల్లరాయి. ఇరవై అయిదులో మళ్ళీ "అసలు సంగతి ఇదీ" అని ప్రయోగశాల. ఒక మనిషికి ఎన్ని అసలు సంగతులుంటాయని నాకు ఒళ్ళు మండింది. యంత్రం మాత్రం పాపం దేన్నీ వదలకుండా మూడూ పోసేసింది.

గవరయ్య గారు ఆ మూడు కట్టలనూ పక్కపక్కన పరిచి, ముక్కు ఆనించి చూస్తూ కూర్చున్నారు. పుట్టుక మారినా ఒక బొమ్మ గడి మారలేదు. మూడింటిలోనూ చెల్లెలు నూకాలు పడిపోతూ ఉంటుంది, కరిగిన ఇనుములోనో, చరియలోనో, నీళ్ళ తొట్టిలోనో. దిష్టి తగలకుండా వేసిన ఇనుప కడియం ఒకటి దాని చేతికి ఉంటుంది. అప్పన్న చెయ్యి చాస్తాడు. అదే వాడి మొదటి మహిమ. కడియం వాడి చేతికొచ్చేస్తుంది.

ఆ మూడు గడుల గీత మిగతా పేజీల గీతలా లేదని ఆయనే పట్టారు. మిగతాదంతా సన్నగీత, వేరే చేతులది. ఈ గడులు లావు గీత, నొక్కి గీసినది. నా పెన్సిల్ తీసుకుని పెట్టె మూత మీద ఒక చెయ్యి గీశారు. అదే లావు గీత వచ్చింది. ఆయన తన చేతినే తిప్పి తిప్పి చూసుకున్నారు.

పెన్సిల్ కింద పెట్టి అన్నారు, "కడియం సేతికొస్తాది, గడి అయిపోతాది. ఆ తరవాత నూకాలేదమ్మా? ముప్పై ఒక్క కట్టలూ తిరగేసినాను. ఒక్క మాట మాట్లాడదు, ఒక్క ఏడు పెరగదు. రచ్చించినోడు సెల్లిని ఇంటికి తీసుకెళ్ళడేటి?"

కథ గదా, మర్చిపోయి ఉంటారు అన్నాను.

"నాలో నానూ ఎతుక్కున్నాను. ఆ గడి తరవాత నాకూ ఏటీ గుర్తు లేదు. ఈ రాసినోడు ఎవడో గానీ, ఈ ఒక్క సోటే అబద్ధమాడతన్నాడు."

ఆ రాసినవాడు తనేనని ఆయనకు తెలుసు. తెలిసే అన్నారు. రోజూ పొద్దున అడిగే నూకాలి కబురు సంగతి ఇవాళ అడగలేదు, నేనూ ఎత్తలేదు.

తొమ్మిదో రోజు

చివరి కట్ట వెనక చీమతలంత అక్షరాలతో "రంగులు: కోన సన్యాసమ్మ" అని ఉంది. నిన్నంతా వార్డు రిజిస్టర్లు తిరగేస్తే ఐదో కొండ మీద మంచు వలల దగ్గర తేలింది. ఇవాళ కొండ నుంచి కొండకు లాగే తీగ బుట్టలో వెళ్ళి వచ్చాను. ఆ బుట్ట ఎక్కితే నాకు ప్రాణం పోయినట్టుంటుంది, కళ్ళు మూసుకునే కూర్చున్నాను.

సన్యాసమ్మకు డెబ్బై ఉంటాయి. నేను మాట్లాడుతున్నంతసేపూ వలల చిరుగులు కుడుతూనే ఉంది. మేస్టారు బతికున్నారా అని అడిగింది, జ్వరం సంగతి విని సూది ఆపింది. ఆ లావు గీత గురించి అడిగాను. ప్రెస్సులో అందరూ అన్నీ గీసేవారట, కడియం గడి మాత్రం మేస్టారు ఎవరినీ ముట్టుకోనిచ్చేవారు కాదట.

"ఓపాలి కడియానికి బంగారం రంగేసినాను, అందంగా ఉంటాదని. కట్ట నా మొకాన ఇసిరీసినారు. ఇనుం నల్లగుంటాదే అని అరిసినారు. అరిసి కూకుండిపోయి, అప్పుడు సెప్పినారు."

ఆమె చెప్పింది ఇదీ. అప్పుడు గవరయ్య గారికి తొమ్మిదేళ్ళు, నూకాలికి ఆరు. పెరిగే చెయ్యి గదా అని తల్లి కూతురికి కాస్త పెద్ద కడియమే వేసింది. అన్నాచెల్లెళ్ళు గెడ్డ, అదే ఊరి వాగు, దాటుతుంటే, ఎగువ కొండల్లో పడిన వాన నీళ్ళు ఒక్కసారిగా వచ్చి పడ్డాయి. అన్న చెల్లెలి మణికట్టు పట్టుకున్నాడు. చెల్లెలు కొట్టుకుపోయింది. కడియం చేతిలో ఉండిపోయింది. ఇంటికెళ్ళి దాన్ని అటక మీద దాచేసి, చెల్లిని నేను చూడలేదని చెప్పాడు. తల్లి నాలుగు రోజులు గెడ్డ పొడుగునా పేరు పెట్టి పిలుచుకుంటూ తిరిగింది. ఆమె పోయేదాకా ఆ సంగతి చెప్పలేదు.

చెయ్యి జారిందా, వదిలేశాడా అని అడిగాను. అడగకూడని మాటేమో గానీ నాకు రాసుకోవడానికి కావాలి. ఆయన చెప్పలేదు, నేను అడగలేదు అంది సన్యాసమ్మ. మర్నాడు ఏమీ జరగనట్టు ప్రెస్సుకొచ్చి, అప్పన్న పుట్టుక బాగా కుదరలేదు, ఇంకోటి రాద్దాం అన్నారట. అదే ఇరవై అయిదో కట్ట.

వాంగ్మూలం రాయించుకుని వేలిముద్ర తీసుకున్నాను. తిరిగొచ్చేటప్పుడు బుట్టలో కళ్ళు తెరిచే ఉన్నానని కిందకు దిగాక గానీ తెలియలేదు.

పదో రోజు

చెప్పాలా వద్దా అని నిన్నటి నుంచి కొట్టుకుంటున్నాను. చెప్పకపోతే తలుపుల వార్డు. చెబితే, చెల్లెల్ని మూడుసార్లు కాపాడిన మనిషితో ఒక్కసారి కూడా కాపాడలేదని చెప్పాలి. ఆయన ఒప్పుకోనిదే రెండోసారి నింపకూడదని రూలు. రూలు లేకపోతే దొంగచాటుగా నింపేసి చేతులు దులుపుకునేదాన్నేమో. అంత పిరికితనం నాలో ఉందని ఇన్నాళ్ళూ తెలియదు.

చెప్పాను. మధ్యలో ఎక్కడా ఆపకుండా చెప్పేశాను. ఆయన పెట్టె మూత మీద గీసిన చేతినే చూస్తూ విన్నారు.

"అయితే నూకాలు రాదన్నమాట."

రాదన్నాను. ఏడుస్తారనుకున్నాను, ఏడవలేదు. ఆయనకు అది గుర్తు లేదు గదా, ఎవరి చెల్లెలి కథో విన్నట్టే ఉంటుంది. వంతెన దగ్గర నిలబడిన పిల్ల పేరు అడిగారు. నాకు తెలియదన్నాను. అసలుదే పొయ్యమ్మా, ఈ సేతులతో నాను బయట తిరక్కూడదు అన్నారు.

పదకొండో రోజు

దాలినాయుడు గారు కొత్త మెలిక పెట్టారు. ప్రెస్సు ఉద్యోగం, ఊరు, ఇల్లు వీటికి సన్యాసమ్మ వాంగ్మూలం చాలు. చిన్నతనానికి మాత్రం పరాయివాళ్ళ మాట చెల్లదు, సొంత చేతి కాగితం ఉండాలి. ఆయనకే గుర్తు లేని సంగతి ఆయన చేత్తో ఎలా రాయిస్తామండీ అని అడిగాను. బొమ్మలు గీస్తాడు గదా, గీయమను అన్నారు. నింపుతున్న గుమాస్తా "ఇది జరిగిందే" అని కింద సంతకం చెయ్యాలి.

కొత్త కాగితం ఇవ్వలేదు. ముప్ఫై ఒకటో కట్ట అట్ట వెనక తెల్లగా ఉంది. అదే చింపి ఇచ్చాను.

పన్నెండో రోజు

పొద్దుట్నుంచీ ఒక్క గీత పడలేదు. మిల్లు పేలడం, రాళ్ళు ఆకాశం నుంచి ఊడిపడడం ఇట్టే గీసే చెయ్యి, చిన్న గెడ్డ గీయడానికి రోజంతా తిప్పలు పడింది. నీళ్ళు ఎంత లోతు, ఏ రంగు అని నన్ను అడుగుతారు. నేనెప్పుడు చూశాను ఆ గెడ్డని. ఇప్పుడది సముద్రం అడుగున ఎక్కడో ఉంటుంది.

సాయంత్రానికి పెన్సిల్ కింద పెట్టేసి, "వొగ్గీసినానేటమ్మా?" అన్నారు.

వదిలేశారో, జారిపోయిందో ఎవరికీ తెలియదని చెప్పాను.

"జారిపోనాదని గీస్తే జారిపోనట్టే గుర్తుంటాది. వొగ్గీసినానని గీస్తే వొగ్గీసినట్టే గుర్తుంటాది. ఏది గీయాలో నువ్వు సెప్పు."

పన్నెండేళ్ళ ఉద్యోగంలో నన్ను ఇంత మాట ఎవరూ అడగలేదు. వాన మొదలైంది, కాగితాలు లోపల పెట్టాలి అని బయటికి వచ్చేశాను. వాన పడడం లేదు.

పదమూడో రోజు

పేజీ పూర్తయింది. నాలుగు గడులు. మొదటిది గెడ్డ, ఇద్దరు పిల్లలు. రెండోది నీళ్ళు, రెండు చేతులు, మధ్యలో కడియం. ఏ చెయ్యి వదిలిందో ఎంత చూసినా తెలియదు, అలాగే గీశారు. మూడోది ఒక్క చెయ్యి, కడియం. రంగు నల్లగా.

నాలుగో గడి చూసి ఆగిపోయాను. ఇంట్లో పొయ్యి దగ్గర తల్లి, వీపు ఇటు. గుమ్మంలో తడిసిన కుర్రాడు చేతిలో కడియం పెట్టుకుని ముందుకు చాపి నిలబడ్డాడు. కింద ఆయన రాత, "అమ్మా, ఇది నా చేతిలో ఉండిపోయింది."

ఇది జరగలేదు గదండీ అన్నాను. అటక మీద దాచారు, తల్లి పోయేదాకా చెప్పలేదు, సన్యాసమ్మ అదే చెప్పింది, మీకూ చదివి వినిపించాను. ఇది పెడితే మళ్ళీ అబద్ధం పోసినట్టే. మొదటిసారి తెలియక చేశాను, ఇప్పుడు తెలిసి చెయ్యమంటారా. కాస్త గట్టిగానే అన్నాను.

"నూకాల్ని బతికించమనలేదమ్మా నాను. దాన్ని పోనిచ్చినాను గదా, సూడు. అమ్మకి సెప్పనీ. అప్పుడు సెప్పలేకపోనాను, ఇప్పుడైనా సెప్పనీ."

నేను పేజీ పట్టుకుని బయట బెంచీ మీద కూర్చున్నాను. ఇది నిజమా అబద్ధమా అని అడిగితే నాకు ఇప్పటికీ తెలియడం లేదు. కాగితం మీదున్నది జరిగిందే అని నేర్పారు. ఇది జరగలేదు. కానీ ఈయన ఈ పేజీతో వంతెన దగ్గర నిలబడి ఏ పిల్లనూ దూకమనడు, అంత మాత్రం నాకు తెలుసు.

పద్నాలుగో రోజు

"ఇది జరిగిందే" అని సంతకం చేశాను. తెలిసే చేశాను. ఈ దినచర్య ఎవరైనా చదివితే నా ఉద్యోగం పోతుంది, అయినా ఇక్కడ కూడా అబద్ధం రాయలేను.

కార్డులు, సర్టిఫికెట్, సన్యాసమ్మ వాంగ్మూలంలో చిన్నతనం ముక్క తీసేయగా మిగిలింది, చివరన ఆ పేజీ పెట్టాను. యంత్రం టోపీ తలకు తగిలించే ముందు గవరయ్య గారు నా చెయ్యి పట్టుకున్నారు. రేపు నిన్ను గుర్తుపట్టను గదా, ఏటీ అనుకోకు అన్నారు. అనుకోనన్నాను. ఏడుపొచ్చింది, యంత్రం వైపు తిరిగిపోయాను.

పదిహేనో రోజు

పొద్దున ఆయన లేచేసరికి పక్కనే కూర్చుని ఉన్నాను. ఎవరమ్మా నువ్వు అన్నారు. గుమాస్తానని చెప్పి మంచినీళ్ళు ఇచ్చాను. తాగి, గ్లాసు నా చేతికే ఇచ్చి, గోడ వైపు తిరిగి ఏడవడం మొదలుపెట్టారు. డెబ్బై నాలుగేళ్ళ మనిషి అంత బావురుమని ఏడవగా నేనెప్పుడూ చూడలేదు. వీపు మీద చెయ్యి వేసి కూర్చున్నాను.

ఏడుపు తగ్గాక ఇటు తిరిగి, తనకు నూకాలు అని ఒక చెల్లెలుండేదని చెప్పారు. గెడ్డలో పోయిందనీ, తన చేతిలోంచే పోయిందనీ, కడియం మాత్రం మిగిలిందనీ చెప్పారు. ఇంటికెళ్ళి అమ్మకు చూపించానన్నారు. నేను ఊఁ కొడుతున్నాను. ఇంతవరకూ నేను పెట్టిందే.

"కొడతాదనుకున్నానమ్మా. కొట్టలేదు. నన్ను పొయ్యి దగ్గర కూకోబెట్టి, కొంగుతో తల తుడిసినాది. నువ్వు పట్టుకున్నావు గదా నాయినా, సివరిదాకా పట్టుకున్నావు గదా అన్నాది. జుట్టు ఆరిపోనాక కూడా తుడుస్తానే ఉన్నాది."

ఈ మాటలు నేను పెట్టలేదు. లేచి వెళ్ళి పేజీ తీసి చూశాను. నాలుగో గడిలో తల్లి వీపే ఉంది, మొహం లేదు, మాట లేదు. సన్యాసమ్మ వాంగ్మూలం మళ్ళీ చదివాను, అందులోనూ లేదు. యంత్రం సొంతంగా ఒక్క ముక్క కూడా కలపదు, అది నాకు ఖాయంగా తెలుసు. జ్వరం తుడవలేనిది ఏదైనా ఆయనలో మిగిలి ఉందా? అసలు ఆ రోజు అమ్మకు నిజంగానే చెప్పాడా, సన్యాసమ్మకు చెప్పిందే కల్పించాడా? లేకపోతే ఈ క్షణాన, మంచం మీద కూర్చుని, మళ్ళీ కథ కడుతున్నాడా? ఎటు నుంచి ఆలోచించినా నాకు అంతుపట్టలేదు.

వెనక్కి వచ్చేసరికి ఆయన నాకోసమే చూస్తున్నారు. పేజీ నా చేతిలోనే ఉంది. ఏటమ్మా అలగ సూస్తన్నావు అన్నారు.

"ఏం లేదండీ" అని పేజీ మడిచి ఒళ్ళో పెట్టుకుని, మంచం పక్కన కూర్చున్నాను. "తర్వాత మీ అమ్మగారు ఏమన్నారు?"

ఆయన కళ్ళు తుడుచుకుని చెప్పడం మొదలుపెట్టారు.